అరికాలి సాక్ష్యము

మా నాన్నగారికి మధుమేహము ప్రవేశించి పదునాలుగు సంవత్సరములైనది. అరికాళ్ల మంటలు ఆరంభమై నాలుగేండ్లు. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నిలువుకాళ్లపై నిలిచి పాఠము చెప్పిన ఆయన, ఇప్పుడు వాకిటి అరుగుమీద కాళ్లు చాపుకొని, పాదములకు గాలి తగులునట్లు పంచె పైకి మడచుకొని కూర్చుండి, ఎవరైనను దగ్గరకు వచ్చుచున్నచో వారి చీరయంచో ధోవతియంచో తమ కాలికి తగులునేమోయని ముందుగానే పాదములు ముడుచుకొనుట చూచినప్పుడెల్ల, ఆ బాధలో నాకు పాలు లేకపోయెనే యన్న దుఃఖము నన్ను కలచివేయును. రాత్రివేళ దుప్పటి కాలిమీద పడిన ఆయన ఓర్వలేరు. మా అమ్మ ఆముదము రాసి చూచినది, గోరింటాకు నూరి పెట్టినది, నేయి పూసి కంచుగిన్నెతో రుద్దినది. ఆ చల్లదనమెల్ల ఒక గడియ సేపు ఉండి ఆరిపోవును.

ఇట్టి మనిషి కార్తికమాసమున ఒకనాడు బజారునుండి ఒంటి చెప్పుతో ఇల్లు చేరెను. రెండవది దారిలో ఎక్కడ జారిపోయినదో ఆయనకు తెలియదు. పొరుగింటి వారు చెప్పువరకు జారినట్లే తెలియదు. కాలు కడిగి చూడగా అరికాలిలో రెండు ముండ్లు దిగి ఒక పల్లేరుకాయ అంటుకొని యున్నది. దుప్పటి తగిలిన సహింపలేని పాదమునకు పల్లేరుకాయ తెలియకపోవుట ఏమి విచిత్రమని మా అమ్మ గుండెలు బాదుకొని, ఆ రాత్రియే తన తమ్మునికి కబురు పంపినది.

మా మేనమామ ఉత్తరాంధ్రలోని ఒక కుష్ఠు వైద్యశాలయందు పాదరక్షల పనిశాలలో ముప్పది రెండేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. ఆరెయు, కత్తియు, రబ్బరు పలకలు, జిగురు డబ్బా: ఇవియే ఆయన జీవితము. ఆ రోజులలో బంధువులు కొందరు ఆయన చేతి మంచినీళ్లు త్రాగుటకు జంకిరి. నాన్నగారు మాత్రము ఎన్నడును జంకలేదు. పండుగకు వచ్చిన బావమరిదిని తమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని భోజనము చేసిరి. ఇంతటి అభిమానము గల ఆ ఇరువురును మరునాటి ఉదయమంతయు ఒక జత జోళ్లను మధ్య పెట్టుకొని వాదించుకొనిరి. నేను విన్నంతవరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ జోళ్లు నాన్నగారు ఒక నెల క్రిందట పట్టణమున కొని తెచ్చుకొన్నవి. లోపల దూదివంటి స్పాంజి, పైన ముదురు నీలపు గుడ్డ, ముందువైపు చిలుక ముక్కువలె సన్ననైనవి. మామయ్య వాటిని చేతిలోనికి తీసికొని, లోపలికి చేయి పోనిచ్చి, వ్రేళ్లతో నలువైపుల తడిమి, ఏమియు అనక క్రింద పెట్టెను. ఆ మౌనమే వాదమునకు నాంది.

నాన్నగారు: ఏమోయీ, మాటాడవేమి? పది అంగళ్లు తిరిగి, ఇరువది జతలు తొడిగి చూచి, వీనిలో మాత్రమే నా పాదమునకు కొంత ఉపశమనము కలిగినదని తెచ్చుకొంటిని. పాదము నాది, బాధ నాది, సుఖమును నాదే. ప్రత్యక్షమును మించిన ప్రమాణము లేదని శాస్త్రము. నాకు హాయిగా నున్న జోడు నాకు సరియైన జోడు కాదని చెప్పుటకు నీకు ఏ ప్రమాణమున్నది?

మామయ్య: బావగారూ, ప్రత్యక్షము ప్రమాణమగుట ఇంద్రియము నిర్దుష్టమైనప్పుడు. కామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనిపించునని మీరే కదా తరగతిలో చెప్పెడివారు? వెన్నెముక దిగువనుండి బయలుదేరి కాలివ్రేళ్ల కొనలవరకు పోవు నరములు శరీరమునందెల్ల పొడుగైనవి. రక్తమున చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నిలిచినచో ముందుగా చెడునవి ఆ పొడుగు నరముల కొనలే. అందుచేతనే ఈ వ్యాధి వ్రేళ్లయందు మొదలై, చీలమండకు, పిక్కకు ప్రాకును. మేజోడు తొడిగిన మేర అని వైద్యులు దీనికి పోలిక చెప్పుదురు. ఆ నరములలో సన్ననివి వేడిని, నొప్పిని తెలుపును. లావైనవి తాకిడిని, అదురును, కాలు నేలపై ఎక్కడ ఆనినదో ఆ ఉనికిని తెలుపును. చెడిన సన్నని నరము ఏ కారణమును లేకయే మంటయని కేక వేయును, ముల్లు దిగినను నోరు మెదపదు; చెడిన లావు నరము చెప్పు జారినను తెలుపదు. నిన్న మీ ఒక్క పాదమునందే రెండును జరిగినవి.

నాన్నగారు: మంట ఉన్నదనగా నరము బ్రతికి యున్నదని కదా అర్థము? మొద్దుబారిన పాదము వేరు, మండు పాదము వేరు. నాది మండు పాదము. నీవు ముప్పది రెండేండ్లు చూచినవి మొద్దుబారిన పాదములు.

ఈ మాట నాకును న్యాయముగనే తోచినది. ఇన్నాళ్లు నేనును అట్లే అనుకొనుచుంటిని. మామయ్య సమాధానము చెప్పక, తన సంచిలోనుండి ఒక చిన్న పిడిని తీసెను. దాని కొనను రెండంగుళములైనను లేని నైలాను తీగ కలదు. చర్మముపై ఆనించి నొక్కగా 10 గ్రాముల ఒత్తిడికి సరిగా వంగునట్లు చేయబడినది. నాన్నగారిని కన్నులు మూసికొని, తగిలినప్పుడెల్ల తగిలెననుమని చెప్పి, ఆ తీగను ముందుగా ముంజేతిపై ఆనించి దాని తాకిడి ఎట్లుండునో ఎరుకపరచి, తరువాత అరికాలిపై ఒక్కొక్క చోట, వంగునంతవరకు మాత్రమే, నెమ్మదిగా ఆనింపసాగెను. పాదము నడుమ ఆనించినప్పుడు నాన్నగారు వెంటనే తగిలెననిరి. బొటనవేలి క్రింద ఆనించెను, తీగ విల్లువలె వంగినది, నాన్నగారు ఊరకుండిరి. బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా నుండు చోట ఆనించెను, అప్పుడును మౌనమే. చిటికెనవ్రేలి మొదట కూడ అట్లే. మామయ్య చేయి వెనుకకు తీసికొని ఏమియు చేయక కూర్చున్నప్పుడు నాన్నగారు "ఇప్పుడు తగిలినది, మండుచున్నది" అనిరి. నేను ముఖము ప్రక్కకు త్రిప్పుకొంటిని. కన్నులు తెరచిన పిమ్మట ఎన్ని తప్పినవని ఆయన అడిగిరి. మామయ్య దాచలేదు, తప్పిన చోట్లెల్ల తన వ్రేలితో చూపెను.

మామయ్య: నేను వెల్లూరునకు సమీపమున నున్న కరిగిరిలో పని నేర్చుకొంటిని. 1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుని పేరు అక్కడ ప్రతివారి నోటను ఉండెడిది. కుష్ఠురోగుల వ్రేళ్లను రోగమే తినివేయునని లోకమంతయు నమ్మియుండగా, నొప్పి తెలియని చేతితో కాలుచున్న పాత్రను పట్టుటచేతను, నొప్పి తెలియని కాలితో పుండుమీదనే నడచుటచేతను అవి నశించుచున్నవని ఆయన చూపెను. నొప్పి శత్రువు కాదు, కావలివాడని ఆయన మతము. చక్కెర వ్యాధి వారి పాదములకును ఇదియే వర్తించును. ఇక మీ జోళ్ల మాట. మొద్దుబారిన పాదమునకు సరియైన కొలతగల జోడు తొడిగిన, తొడిగినట్లే తోచదు, వదులని తీసివేయుదురు. ఒక కొలత తక్కువదానిలో, పాదము నొక్కుకొని యున్నప్పుడు మాత్రమే జోడున్నదని తెలిసి హాయి యనిపించును. ఈ విధముగా తమంతట తామే ఇరుకు జోళ్లను ఏరుకొని వచ్చినవారిని నేను వందలమందిని చూచితిని.

నాన్నగారు: అది నీ అనుమానము. నా జోడు ఇరుకని ఋజువేది?

అప్పుడు మామయ్య నన్ను కాగితము తెమ్మనెను. పాత క్యాలెండరు కాగితమును వెనుకకు త్రిప్పి నేలపై పరచి, నాన్నగారిని దానిపై రెండు కాళ్లమీద సమముగా బరువు వేసి నిలువుమని, పెన్సిలును వాల్చక నిట్టనిలువుగా పట్టి పాదము చుట్టును గీత గీసెను. ఆ గీత వెంబడి కత్తిరించిన కాగితపు పాదమును జోటిలోనికి నెమ్మదిగా పోనిచ్చెను. మడమవైపు సరిగా కూర్చున్నది. ముందువైపు చిటికెనవ్రేలి ప్రక్క ఒక వ్రేలి వెడల్పున కాగితము పైకి లేచి, చుట్టుకొని, జోటి గోడను ఎక్కినది. నాన్నగారు వంగి చాలసేపు చూచిరి. ఆ కాగితము చుట్టుకొన్నచోటనే ఆయన చిటికెనవ్రేలిపై ఒక ఆనెకాయ నెలరోజులుగా పెరుగుచున్నది. ఆనె యనగా ఒత్తిడి వ్రాసిపోయిన సంతకమనియు, దాని క్రిందనే పుండు మొలచుననియు, దానిని బ్లేడుతో ఇంట చెక్కుకొనరాదనియు మామయ్య చెప్పెను.

నాన్నగారు: సరే, కాగితము గెలిచినది. కాని నా మాటయు వినుము. నీ కొలత ప్రకారము జోడు కొందును. వైద్యుడు చెప్పినట్లు మేజోడును తొడుగుదును. పది అడుగులు వేయగనే గోనెపట్టాతో రుద్దినట్లు వ్రేళ్ల కొనలు మండును. ఇంటికి రాగానే అన్నియు పీకి అవతల పారవేయుదును. తొడుగుకొనలేని పాదరక్ష ఎంత శాస్త్రీయమైనను ఎవరిని రక్షించును? మీ వారు పుండు పడలేదాయని చూచి తృప్తిపడుదురు. రాత్రి రెండు గంటలకు మంచమునుండి కాళ్లు క్రిందికి వ్రేలాడవేసుకొని కూర్చున్నవాని సంగతి మీ లెక్కలో నున్నదా?

మామయ్య చాలసేపు తల వంచుకొని కూర్చున్నాడు. నాన్నగారి మాటలో సత్యమున్నది. ఈ వ్యాధిని గూర్చి హితము చెప్పువారు పుండును చూతురు గాని మంటను చూడరు. మంట కంటికి కనిపించదు గనుక దానికి సాక్షి రోగి ఒక్కడే. ఆ సాక్షిని అబద్ధికుడనుట క్రూరము.

మామయ్య: లేదు బావగారూ, నా లెక్కలో అది తక్కువగనే ఉండినది. మా రోగులకు మంట తక్కువ. ఒక్కటి చెప్పండి: దుప్పటి తగిలిన ఓర్వలేరు గదా, నేనిట్లు పాదమును రెండు చేతులతో గట్టిగా పట్టుకొన్న?

అని మామయ్య పాదమును అరచేతుల మధ్య పొదివి పట్టుకొనెను. నాన్నగారు ఉలికిపడి, వెంటనే సర్దుకొని, ఆశ్చర్యముతో చూచిరి.

నాన్నగారు: ఇది ఓర్చుకొనవచ్చును, కొంత నెమ్మదిగా కూడ నున్నది. అవును, నేను గమనింపలేదు! ప్రాకుచు పోవు తాకిడి మండును. నిలిచి పట్టుకొన్న తాకిడి మండదు. వదులు మేజోడు అడుగడుగునకు జరిగి చర్మమును రాచుచున్నది, అందుకే గోనెపట్టా. ఇరుకు జోడు జరుగక పట్టుకొనుచున్నది, అందుకే హాయి. నా ప్రత్యక్షము అబద్ధము కాదోయీ. దాని అర్థమును నేను తప్పు చెప్పుకొంటిని.

నా అభిప్రాయమున ఆ ఉదయమునకెల్ల ఇదియే విలువైన మాట. అది పని తెలిసినవాడు చెప్పినది కాదు, బాధపడువాడు కనుగొన్నది. అక్కడినుండి వాదము వాదముగా నుండక, ఇరువురును కలసి ఒక వస్తువును వెదకుట అయినది.

పట్టు కావలెను గాని ఆ పట్టు వ్రేళ్లవద్ద ఉండరాదనియు, పాదము పైభాగమున, చీలమండకు కొంచెము ముందుగా, అతుకుపట్టీతో గాని తాళ్లతో గాని ఉండవలెననియు మామయ్య చెప్పెను. అక్కడ పట్టుకొన్న పాదము ముందుకు జారి వ్రేళ్లను గ్రుద్దుకొనదు. వ్రేళ్ల ముందు ఒక బొటనవేలి వెడల్పు చోటుండవలెను. కొందరికి బొటనవేలి కంటె రెండవ వ్రేలు పొడుగు గనుక పొడుగైన వ్రేలినుండియే కొలువవలెను. మడమ వెనుక పట్టీ లేని చెప్పు ఈ పాదమునకు తగదు. అది జారిపోయినను తెలియదని నిన్ననే తెలిసినది. వ్రేలి సందున దూరు హవాయి చెప్పు అంతకంటెను చెడ్డది; ఆ సందున ఒరిసి పుండు చేయును. లోపలి మెత్త విషయమున నాన్నగారి స్పాంజి మామయ్య మనస్సును నొప్పించినది. దానిని బొటనవేలితో నొక్కి, అట్టడుగు వరకు దిగిపోవుట చూపి, మనిషి బరువు పడిన చోట అది లేనట్లే యనెను. కుష్ఠు వైద్యశాలలలో వాడుకకు వచ్చిన సూక్ష్మరంధ్రముల రబ్బరు, మైక్రోసెల్యులర్ రబ్బరని దుకాణములలో అడుగవలసినది, నొక్కిన కొంత దిగి, వదలిన తిరిగి లేచును. దాని క్రింద ముల్లు దూరని గట్టి అట్ట ఉండవలెను.

మేజోళ్ల దగ్గర ఇరువురును చాలసేపు ఆగిరి. మామయ్య నాన్నగారి మేజోటిని లోపలివైపు పైకి త్రిప్పి, వ్రేళ్లకు అడ్డముగా పోవు కుట్టును చూపెను. ఎండిన చింతపిక్కంత మందము. అతుకు కుట్టు లేని మేజోళ్లు దొరకును, దొరకనిచో ఉన్నదానినే తలక్రిందు చేసి కుట్టు బయటికి వచ్చునట్లు తొడుగవలెనని చెప్పగా, ఇన్నాళ్లు ఈ పని ఎవరును చెప్పలేదే యని నాన్నగారు నొచ్చుకొనిరి. పాదమును అంటిపెట్టుకొనునంత బిగువు ఉండవలెను, ముడుతలు పడరాదు. పైయంచున పిక్కమీద గాడివంటి గీత పడు రబ్బరు పట్టీ మాత్రము రక్తప్రసారమును అడ్డును. రక్తనాళములను వైద్యుడు పరీక్షింపకుండ, కాళ్ల వాపునకని అమ్ము గట్టి ఒత్తిడి మేజోళ్లను సొంతముగా వాడరాదు. ఒట్టి నూలు చెమటను పీల్చి తడిగా నిలుపుకొనును గనుక తడిని బయటికి లాగు కలగలుపు నూలు మేలు. ఏదియైనను ప్రతిదినము మార్చవలెను. చిరిగి అతుకు వేసినది వలదు.

నాన్నగారు: నీలపు మేజోళ్లు మానుమని, తెల్లవి కొనుమని అంటివి. మురికి పట్టదా?

మామయ్య: పట్టుటకే. రసి గాని నెత్తురు చుక్క గాని అంటిన, తెల్లనిదానిపై సాయంకాలము అక్కయ్య కంటికి తెలియును. నీలపుదానిపై వారము గడచినను తెలియదు.

ఇక ఇంటిలోపల కూడ తొడుగవలెనన్న మాట రాగానే నాన్నగారు మరల కోటకెక్కిరి. గడప దాటి పాదరక్షతో అడుగిడుట మా వంశమున లేదు. వంటిల్లున్నది, దేవుని గది యున్నది. మామయ్య దీనిని తేలికగా తీసివేయలేదు. దినమున వేయు అడుగులలో ఎక్కువ భాగము ఇంటిలోనే గదాయని మాత్రమనెను. వీధి మొగమెరుగని ఒక జతను, కడుగుటకు వీలగు రబ్బరుతో, గడప లోపలనే ఉంచుటకు ఒప్పుదల కుదిరినది. దేవుని గదికి మాత్రము మేజోటితోనే యని నాన్నగారు పట్టుపట్టిరి. ఆ గది గచ్చు నున్ననిది, నాలుగడుగులది, మామయ్య ఊరకుండెను. శివాలయ ప్రదక్షిణపు తగవు మాత్రము తెగలేదు. మిట్టమధ్యాహ్నపు బండలు కాలిన కాలికి తెలియదని ఒకరు, స్వామి సన్నిధి మానుట ఎట్లని మరియొకరు. సూర్యోదయమునకు ముందు పోయి, రాగానే అద్దము క్రింద పెట్టి అరికాలు నేను చూచునట్లు నేనే మధ్యవర్తినైతిని.

ఇంతలో అమ్మ తమ్మునికి కాళ్లు కడుగుకొన నీళ్లు తెచ్చి, నాన్నగారికి కూడ కాపడమునకు వేడినీళ్ల తపేలా తెచ్చెను. నాన్నగారు పాదము ముంచబోవగా మామయ్య ఆపి, అమ్మ మోచేతిని అందులో పెట్టించెను. ఆమె చురుక్కున వెనుకకు తీసికొన్నది. నాలుగేండ్లుగా అవే నీళ్లు. ఆమె ఏమియు అనక ఆ తపేలాను లోపలికి తీసికొని పోవుట నేను మరువలేను.

మందుల మాట వచ్చినది గాని అది వైద్యునిది. ఒక్కటి మాత్రము మామయ్య అడిగెను: మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి వాడినవారికి బి12 విటమిను తగ్గవచ్చును, ఆ లోటు కూడ ఇట్టి మంటలనే పుట్టించును, పరీక్ష చేయించితిరాయని. చేయించలేదు. ఆ వారముననే చేయించితిమి.

మధ్యాహ్నము భోజనమైన పిమ్మట మామయ్య తానే ఒక జత చేసి పంపుదునని చెప్పి, ప్రయాణమునకు సిద్ధమగుచు ఉదయపు కాగితమును మడచి సంచిలో పెట్టుకొనెను. మరల ఏమనుకొనెనో సంచి దించి, నేటికి నిలిచిపోవుదుననెను. పగలంతయు నడచి కూర్చున్న పాదము సాయంకాలమునకు వాచును. జోడు సాయంకాలపు పాదమునకు కుట్టవలెను. కొత్త జోడు వచ్చిన మొదటిదినము అరగంట మాత్రమే తొడిగి, విప్పి, ఎఱ్ఱదనము కొరకు చూడవలెననియు, ప్రతిదినము తొడుగుటకు ముందు లోపల చేయి పోనిచ్చి రాయి రప్ప తడిమి చూడవలెననియు నాకు ఒప్పగించెను.

అమ్మ తులసికోటవద్ద దీపము పెట్టినవేళ నాన్నగారు మరియొక క్యాలెండరు కాగితముపై నిలిచిరి. మామయ్య మోకాళ్లపై కూర్చుండి, పెన్సిలు నిట్టనిలువుగా పట్టి, నెమ్మదిగా చుట్టును గీసెను. కత్తిరించి ఉదయపు పాదమును సాయంకాలపు పాదముపై పెట్టగా, చుట్టును పెన్సిలు మందమంత అంచు బయటికి మిగిలినది. నాన్నగారు ఉదయపు కాగితమును తామే తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ నీలపు జోటిలో పెట్టివేసిరి.